మొగిలి అంబాసిడర్ చప్పుడు

నాలుగోసారి కూడా అదే అంబాసిడర్ షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి అలీముద్దీన్‌కు కోపం నషాళానికంటింది. చేతిలో ఉన్న పానాను బల్ల మీదికి విసిరేశాడు.

కారు మొగిలిది. మొగిలి ఇరవై ఎనిమిదేళ్లుగా బొగ్గు బాయిలో పని చేస్తున్నవాడు. తెలంగాణ కోసం సమ్మె కట్టి బాయిలన్నీ ఆగిపోయిన ఆ నెల రోజుల్లో, ఇంట్లో కూర్చోలేక పాత కారేసుకుని ఊరంతా తిరిగాడు. తిరిగినవాడు ఊరుకోకుండా స్టీరింగులో ఏదో చప్పుడు కనిపెట్టాడు. అప్పట్నుంచి గోదావరిఖనిలో అలీముద్దీన్ షెడ్డే అతని డ్యూటీ అయిపోయింది. నిన్న సమ్మె ముగిసింది, ఇవాళ్టి నుంచి మొగిలి రెండో షిఫ్టుకు పోతాడు, పీడ విరగడైందని అలీముద్దీన్ సంబరపడుతుంటే, ఒంటిగంటకే మళ్లీ దిగబడ్డాడు. చాలనట్టు వెనక సీట్లో భార్య సారవ్వ కూడా.

"చప్పుడు పోలే భాయ్," అన్నాడు మొగిలి. "ఎడమకు తిప్పితే టక్కుమంటున్నది."

"ఎందుకు పోదు? మొదటిసారి గ్రీజు కొట్టిన. రెండోసారి బుష్‌లు మార్చిన. మూడోసారి చక్రాలిప్పి బేరింగులు చూసిన. ఇంకేం జెయ్యాలె? నీ కారుకు తాయెత్తు కట్టాల్నా?"

"కట్టినా మంచిదే. చప్పుడైతే ఉన్నది."

"లేదన్నా! లేని చప్పుడు ఏడికెళ్లి తేవాలె నేను?"

అలీముద్దీన్ చప్పుడు లేదన్నాడంటే లేనట్టే. ఖనిలో ఎవరినడిగినా అదే చెబుతారు. అతని షెడ్డుకు బోర్డు లేదు. 'చెవుల అలీ' అన్న పేరే బోర్డు. పక్క సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, బండి వీధి చివరిదాకా పోయి వచ్చేలోపు రోగమెక్కడుందో చెప్పేసేవాడు. రామగుండం నుంచి, నస్పూర్ నుంచి బండ్లు వచ్చేవి ఆ చెవుల కోసమే. పాతికేళ్లు కంప్రెషర్ పక్కన, రేకులు సాపు చేసే సుత్తి దెబ్బల మధ్య సంపాదించుకున్న పేరది. ఈ మధ్య మాత్రం అదేం మాయరోగమో, లేని చప్పుళ్లు ఉన్నాయని వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. జనానికి అనుమానం జబ్బు పట్టుకుందని ఇంటికెళ్లి భార్య తస్లీమా దగ్గర రోజూ రుసరుసలాడతాడు. ఆమె ఏదో జవాబు చెబుతుంది. అతను టీవీ సౌండు ఇంకొంచెం పెంచుతాడు.

"సరే పా, నడుపు. ఇదే ఆఖరు," అని విసురుగా ముందు సీట్లో కూలబడ్డాడు.

మొగిలి కారును మలుపు తిప్పాడు. అలీముద్దీన్ కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు.

"అగో, అన్నది!" అంది సారవ్వ వెనక నుంచి.

"ఏమన్నది? ఏమనలే."

"గంత గట్టిగంటే ఇనవడ్తలేదా భాయ్ నీకు?"

మొగుడూ పెళ్లాం ఇద్దరికిద్దరే దొరికార్రా దేవుడా అనుకున్నాడు అలీముద్దీన్. ఇంకో మలుపు. సారవ్వ మళ్లీ "అగో" అంది. ఈసారి మొగిలి రోడ్డు వైపు కాకుండా అలీముద్దీన్ ముఖంలోకి చూశాడు. చూసి, కారును షెడ్డుకు తెచ్చి ఆపాడు.

"దిగు భాయ్. కారు కిందికి రా," అన్నాడు.

"నాకు పని నేర్పుతవా?"

"రారాదూ, మంచిగుంటది."

చొక్కా విప్పి మొగిలే ముందు కారు కిందికి దూరాడు. తిట్టుకుంటూనే అలీముద్దీన్ కూడా దూరాడు. ఇద్దరూ వెల్లకిలా పక్కపక్కన పడుకున్నారు.

"బాయిల పైకప్పు ఎట్ల చూస్తమో ఎరుకేనా? గడ్డపారతోని కొట్టి ఇంటం. గట్టిగుంటే ఒక తీరు, బోలుగుంటే ఒక తీరు మోగుతది. పక్కన మిషిన్ నడుస్తుంటే చెవులేం పనికొస్తయి? గందుకే రెండో చెయ్యి కప్పుకు ఆనిస్తం. వదులైన బండ అయితే వేళ్లకే తెలుస్తది. తెలిస్తే ఉరుకుడే."

చెబుతూనే అలీముద్దీన్ చెయ్యి పట్టుకుని, ఎడమ చక్రాన్ని తిప్పే రాడ్డు చివర, జాయింటు మీద పెట్టాడు.

"సారవ్వా, ముంగట కూసొని స్టీరింగు అటిటు తిప్పు. జర మెల్లగ!"

స్టీరింగు కదిలింది. అలీముద్దీన్ వేళ్ల కింద జాయింటు టక్కున ఎగిరి తగిలింది. మళ్లీ తగిలింది. ఎక్కువా తక్కువా కాదు, సరిగ్గా జానెడు దూరంలో ఉంది ఆ జాయింటు అతని చెవికి. చెవిలో మాత్రం చీమ చిటుక్కుమనలేదు.

"ఇన్నవా?" అని అడిగాడు మొగిలి.

ఇప్పుడే వదులైందన్నా, గుంతల రోడ్డు పుణ్యమన్నా, అని అనేస్తే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. జాయింటు అరిగి పూర్తిగా వదులైపోయింది. ఏ మలుపులో ఊడినా చక్రం దాని దారిన అది పోతుంది. మూడుసార్లు వచ్చినవాణ్ని మూడుసార్లూ తిట్టి పంపాడు తను.

"ఇనలే," అన్నాడు అలీముద్దీన్. "చేతికి తెలిసింది. చెవికి ఏం రాలే. కసమ్ అన్నా, ఏం రాలే."

"ఏమాయె? తిప్పాల్నా, ఆపాల్నా?" అని పైనుంచి సారవ్వ విసుక్కుంది.

అలీముద్దీన్‌కు చప్పుడు లేదని తిప్పి పంపిన బండ్లు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. అన్నిటికన్నా ముందు రాజం జీపు. రాజం సెంటినరీ కాలనీ నుంచి కార్మికులను షిఫ్టులకు చేరవేస్తాడు. స్టీరింగు కొట్టుకుంటున్నదని వారం కిందే వస్తే, పనిలేక చెవుల్లో చప్పుడొస్తోందని ఎగతాళి చేసి పంపాడు.

దేక్కుంటూ బయటికొచ్చి ఫోను తీశాడు.

"రాజం! జీపేడున్నది?"

"కాలనీలనే భాయ్. పదిమందిని ఎక్కించుకున్న, ఎల్లుతున్న. ఏంది?"

"దించు. అందర్ని దించు. జీపు అడుగు కూడ కదపకు. స్టీరింగుల చప్పుడున్నది."

"నువ్వే లేదంటివి గదనే!"

"నాకు ఇనవడలే రాజం! నా చెవులు పోయినయ్!"

వీధిలో పోయేవాళ్లు ఆగి తిరిగి చూశారు. అవతల రాజం గబగబా ఏదో అన్నాడు, జనం గోల, ఇంజను మోత, అన్నీ కలిసి బుర్రుమన్నాయి. అలీముద్దీన్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను, తన వెనకే బయటికొచ్చిన మొగిలి చేతికిచ్చాడు.

"ఏమంటున్నడో జర నువ్వు ఇను అన్నా."

మొగిలి విన్నాడు.

"దించుతున్నడట," అన్నాడు.