వీసాకి పనికిరాని ఫోటో

నిన్న పొద్దున్న ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు. "కెమెరా క్లాసులు చెప్పేది మీరేనాండీ?" అన్నాడు. నేనే అన్నాను. "బ్యాచ్‌కి ఎంతమందండీ?" అన్నాడు. ఒక్కరు అన్నాను. నా దగ్గరికి ఎవరూ రావడం లేదని జాలిపడ్డాడు కాబోలు, "అయ్యో, పోన్లెండి, నేను ఇంకో ఇద్దర్ని తీసుకొస్తానండీ" అన్నాడు. మా వైపు వాళ్ళ మంచితనం ఇలాగే ఉంటుంది, దాన్ని వద్దని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కొక్కరికే చెప్పుకుంటూ వచ్చిన ఈ నాలుగైదేళ్ళలో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా వరసగా గుర్తొచ్చారు. వాళ్ళలో నేను చెప్పింది పూర్తిగా విన్నవాళ్ళు తక్కువ. విని, దాన్ని నా మీదే ప్రయోగించిన మనిషి ఒక్కతే.

ముందు ఈ ఒక్కొక్కరి సంగతి చెప్పాలి. అమలాపురంలో డిగ్రీ పిల్లలకి కాంతి గురించి నల్లబల్ల మీద చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత పి.గన్నవరం దగ్గర మా ఊరొచ్చి కాలవ గట్టున నిలబడి చూస్తే, నేను చెప్పినదానికీ బయట ఉన్నదానికీ పెద్ద తేడా ఏమీ లేదు. బయట ఉన్నది కొంచెం అందంగా ఉంది, అంతే. కెమెరా పట్టుకుని తిరుగుతుంటే జనం అడగడం మొదలుపెట్టారు. మొదట ఇద్దరు కలిసి వచ్చారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు హోమియో డాక్టరు. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట వాలింది. ఇద్దర్నీ కెమెరాలు ఎత్తమన్నాను. "మీరు కానివ్వండి డాక్టరు గారూ" అన్నాడు ఆయన. "అబ్బెబ్బే, ముందు మీరండీ" అన్నాడు ఈయన. "పెద్దవారు మీరుండగా నేనెలా తీస్తానండీ?" అన్నాడు మళ్ళీ ఆయన. ఆ పిట్ట చాలాసేపే ఓర్చుకుంది. చివరికి వీళ్ళ మర్యాదలు తెమిలేలా లేవని గ్రహించి కొబ్బరితోటల మీదుగా వెళ్ళిపోయింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఇక మీదట ఒక్కసారికి ఒక్కరే అని.

అయినా ఆరుబయట పాఠం అంటే ఒక్కరితో అయ్యేది కాదు. కాలవ గట్టు మీద ఎవరైనా కెమెరా ఎత్తారంటే దానికి అడ్డంగా ఎవరూ నడవరు. సైకిలు మీద వచ్చేవాడు దిగిపోతాడు. గడ్డిమోపు నెత్తిన ఉన్న మనిషి మోపుతో సహా ఆగిపోతుంది. "కానివ్వండి కానివ్వండి, మాకేం తొందర లేదండీ" అంటారు. అటు పదిమంది, ఇటు పదిమంది పోగై, అందరూ తననే చూస్తుంటే కొత్తగా నేర్చుకునేవాడి చెయ్యి వణికి ఫోటో అలుక్కుపోతుంది. ఒకసారి కొబ్బరి దింపు తీస్తున్నవాణ్ణి చెట్టు మీద ఉండగా తీద్దామనుకున్నాం. కెమెరా చూసి సగం చెట్టు నుంచి దిగిపోయి, "ఉండండి, చొక్కా వేసుకొస్తానండీ" అని ఇంటికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కాతో తిరిగొచ్చి చెట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాదనలేక తీశాం. బాగానే వచ్చింది. చెట్టు కూడా అతనిలాగే బుద్ధిగా నిలబడింది.

ఇక ఆ అమ్మాయి సంగతి. మా వీధి చివరింటి కోడలు. నన్ను బాబాయిగారూ అంటుంది. మాకు చుట్టరికం ఏమీ లేదు, మా వైపు దానికి చుట్టరికం అక్కర్లేదు కూడా. ఆమె భర్త మస్కట్‌లో ఒక లేబర్ క్యాంపులో వంటవాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు. ఆ ఏడు వచ్చేటప్పుడు పెద్ద కెమెరా ఒకటి తెచ్చాడు. క్యాంపులో పనిచేసిన ఇంజినీరు ఎవరో వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, ఇన్నాళ్ళూ కడుపునిండా పెట్టావని ఇచ్చిపోయాడట. ఒకరోజు సాయంత్రం ఆ కెమెరా సంచీతో భార్యాభర్తలిద్దరూ మా అరుగు మీదకి వచ్చారు.

"బాబాయిగారండీ, నాకు కెమెరా అంతా నేర్పక్కర్లేదండీ. ఒక్క ఫోటో తియ్యడం నేర్పండి చాలు" అంది ఆ అమ్మాయి.

నేర్చుకునేవాళ్ళు ఇంత తక్కువ అడిగితే చెప్పేవాడికి కొంచెం చిన్నతనంగా ఉంటుంది. అలా ఒక్కటే నేర్చుకోవడం కుదరదమ్మా, మొత్తం నేర్చుకుంటేనే ఆ ఒక్కటీ వస్తుంది అని గంభీరంగా చెప్పి కెమెరా తెరిచాను. లోపల అన్నీ అరబ్బీ అక్షరాలు. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె భర్త వైపు చూశాను. "మాట్లాడ్డం వచ్చండీ బాబాయిగారూ, చదవడం మాత్రం నన్నడక్కండి" అన్నాడతను. ఆ సాయంత్రం మొదటి పాఠం ఏమిటంటే, తోచిన మీటల్లా నొక్కి కెమెరాని ఇంగ్లీషులోకి తేవడం. అందులో గురువుకీ శిష్యురాలికీ సమానమైన పాండిత్యం ఉందని తేలింది.

రెండో రోజు ఆమె ఒక్కతే వచ్చింది. అప్పుడు తెలిసింది ఆ ఒక్క ఫోటో ఏమిటో. వాళ్ళ ముందు గదిలో గోడ మీద అతని పటం ఉంది. వీసా కోసం తీయించిన చిన్న ఫోటోనే పెద్దది చేయించారు. గడ్డం పైకి, కళ్ళు సూటిగా, పెదాలు బిగించి, వెనకాల తెల్లటి గోడ. పరీక్ష హాల్లో కాపీ కొడుతున్నవాణ్ణి పట్టుకున్న ఇన్విజిలేటరు అలా ఉంటాడు. వాళ్ళ పాపకి మూడేళ్ళు. తండ్రి వెళ్ళేటప్పటికి ఊయల్లో ఉంది. ఫోన్‌లో చూపిద్దామంటే అక్కడ వీడియో కాల్ సరిగ్గా కలవదు, కలిసే వేళకి ఇక్కడ పిల్ల నిద్రపోతుంది. ఆ పటం చూపించే ఇన్నాళ్ళూ నాన్న, నాన్న అని నేర్పారు. అతను ఆటో దిగి రెండు చేతులూ చాపి నవ్వుతూ నిలబడితే, పిల్ల అతన్ని చూసి, గోడకేసి చూసి, "మా నాన్న అదిగో" అని లోపలికి వెళ్ళిపోయింది.

"ఆయన నవ్వేరండీ బాబాయిగారూ, అదేనండీ వచ్చిన చిక్కు. కోపంగా మొహం పెట్టుంటే గుర్తుపట్టేసేదండీ" అంది ఆ అమ్మాయి. ఇది చెబుతూ తను కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "పాపం పదిరోజులకి గానీ దగ్గిరికి చేరలేదండీ. ఇప్పుడేమో మెడ దిగట్లేదు. వచ్చే నెల ఆయన వెళ్ళిపోతారు కదండీ. మళ్ళీ వచ్చేదాకా దానికి ఆ పటమే దిక్కండీ. ఈ లోపల ఆయన నవ్వే మొహం ఒక్కటి తీసి గోడకి పెట్టాలండీ."

ఫోన్‌తో తీసేయొచ్చు కదమ్మా అన్నాను. "మీకు తెలీదండీ. ఏది ఎత్తినా అంతేనండీ ఆయన" అంది.

నాకు తెలీదన్నది నిజమే. తెలుసుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అంత సరదా మనిషిని మా వీధిలో చూడలేదు. పాపని భుజం మీద కూర్చోబెట్టుకుని కాలవ గట్టున నడుస్తూ, ఎదురైన గేదెనల్లా "ఏవండీ బాగున్నారా?" అని పలకరించేవాడు. కెమెరా సంచీ జిప్పు చప్పుడైతే చాలు, వెన్ను నిటారు, గడ్డం పైకి, నవ్వు మాయం. దూరం నుంచి తీసే లెన్సు పెట్టి ఆ అమ్మాయిని అరటి బోదెల చాటున నిలబెట్టి ప్రయత్నం చేయించాను. ఎలా తెలిసేదో, అంత దూరంలోనూ ఆగి, ఇటు తిరిగి, చేతులు పక్కలకి దించి సిద్ధంగా నిలబడేవాడు. పైగా, "వచ్చిందాండీ? ఇంకోటి తీసుకుంటారా?" అని కేకేసి అడిగేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అతన్నే అడిగాను.

"మొదటిసారి వీసాకి ఇచ్చిన ఫోటోలో నవ్వేనండీ బాబాయిగారూ. ఫైలు తిరిగొచ్చేసింది. మళ్ళీ కాయితాలన్నీ పెట్టుకుని నెలపైనే ఇంట్లో కూచున్నానండీ. నాన్నగారు ఒక్క మాట అన్లేదండీ. అన్నా బాగుండేది" అన్నాడు. తర్వాత ఏదో చిన్న సంగతి చెప్పినట్టు, "అప్పట్నించీ నాకు ఫోటో అంటే ఆఫీసు పనండీ" అన్నాడు.

దానికి నా దగ్గర పాఠం లేదు. వెలుతురు ఎంత తీసుకోవాలో చెప్పగలను, మనిషి లోపల బిగుసుకున్నది వదలాలంటే ఏ మీట నొక్కాలో అరబ్బీలో కూడా ఉండదు. చేసేది లేక రోజూ సాయంత్రం ఆ అమ్మాయికి తెలిసినవే చెబుతూ వచ్చాను. మనిషిని వెతక్కు, ముందు వెలుతురు ఎక్కడ పడుతోందో చూసుకో. మనిషి దాంట్లోకి వచ్చేదాకా ఆగు. సూర్యుడు ఎవరి వీపు మీద ఉంటే వాళ్ళ మొహం చీకటి, ఎవరికి ఎదురుగా ఉంటే వాళ్ళది బంగారం. "ఆయ్" అనేది. అర్థమైందో లేదో తెలిసేది కాదు. మా వైపు ఆ మాటకి అర్థమైంది అనీ, మీరు చెబుతున్నారు కనక వింటున్నాను అనీ రెండూ పడతాయి. దారినపోయే ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏవమ్మా, పెళ్ళి ఫోటోలకి మాట్లాడుకోవాలంటే నీ దగ్గిరికే రావాలా?" అని ఒకావిడ. "రండి పిన్నిగారూ, మీ షష్టిపూర్తికి ఉచితమండీ" అని ఈ అమ్మాయి. మా ఆవిడ మాత్రం, "మీ పాఠాలు ఎలా ఉన్నా, పిల్లకి ఓపిక నేర్పేరు" అంది. మెచ్చుకోలే అనుకుని ఊరుకున్నాను.

అతను బయల్దేరడానికి రెండు రోజులుందనగా, ఆ అమ్మాయి సాయంత్రం భర్తనీ పాపనీ వెంటబెట్టుకుని గట్టు మీదకి వచ్చింది. ఆయన ఫోటో వదిలేశానండీ, ఇవాళ నేర్చుకున్నది మీ మీద చూసుకుంటాను, మీరు నిలబడండి అంది. సరే అని నిలబడ్డాను. నిలబెట్టిన చోటు చూస్తే నాకు మనసు చివుక్కుమంది. సూర్యుడు సరిగ్గా నా వెనకాల ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పిందేంటమ్మా? ఇక్కడైతే నా మొహం నల్లగా పడుతుంది" అన్నాను.

"ఆయ్, తెలుసండీ" అంది. భర్త వైపు తిరిగి, "ఏవండీ, బాబాయిగారు వంకరగా నించున్నారు. మీకు బాగా తెలుసు కదా, కాస్త సరిచెయ్యండి" అంది.

అతను పాపని ఎత్తుకునే నా ఎదురుగా వచ్చాడు. ఆ పనిలో అతనికున్న అనుభవం ఎవరికుంటుంది? "గడ్డం పైకండీ. అంత పైక్కాదండీ, కొబ్బరికాయలు లెక్కపెడుతున్నట్టుంది. కళ్ళజోడు తీసెయ్యండి. చెవులు రెండూ కనపడాలండీ" అని ఒంటి చేత్తో నా తలని అటూ ఇటూ తిప్పాడు. పాప కూడా వంగి నా ముక్కు సరిచేసింది.

"నన్ను మస్కట్ పంపించేస్తావా ఏంటయ్యా?" అన్నాను.

"వంట వచ్చాండీ?"

"పాలు కాచగలను. మా ఆవిడ పక్కనుంటే."

"పొంగకుండానాండీ?"

"అది ఇంకా నేర్చుకోలేదు."

"అయితే మీకు సూపర్‌వైజరు పోస్టేనండీ" అన్నాడు. అని, తన మాటకి తనే పగలబడి నవ్వాడు. నాన్న ఎందుకు నవ్వుతున్నాడో తెలియకపోయినా పాప అతని మెడ పట్టుకుని ఇంకా గట్టిగా నవ్వింది. సరిగ్గా అప్పుడు కెమెరా చప్పుడైంది.

"అప్పుడే నొక్కేశావేంటమ్మా? నేనింకా సరిగ్గా నిలబడందే!" అన్నాను.

"మీరు కాదండీ బాబాయిగారూ" అంది.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఎప్పుడు జరిగిందో, ఆమె నా భుజం వెనకాల ఉంది. నా వీపు మీద ఉన్న సూర్యుడు అతని మొహానికి ఎదురుగా ఉన్నాడు. తండ్రీ కూతుళ్ళిద్దరి మీదా వెలుతురు పూర్తిగా పడుతోంది. నేను చెప్పిన ప్రతి ముక్కా ఆమె విన్నది. వెలుతురు చూసుకుంది, అందులోకి మనిషిని తెచ్చుకుంది, ఆగింది. నేను ఉన్నది అతన్ని అక్కడ నిలబెట్టడానికి మాత్రమే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇంత చక్కగా నన్ను వాడుకున్నవాళ్ళు లేరు.

అతను కెమెరా వెనక తెరలో చాలాసేపు చూసుకున్నాడు. "ఏంటే, ఇన్ని పళ్ళు కనపడుతున్నాయి? ఇది వీసాకి పనికిరాదు" అన్నాడు.

"వీసాకి కాదు, ఇంటికి" అంది ఆమె. అతను పాపని రెండో భుజం మీదకి మార్చుకుని కాలవ కేసి తిరిగి నిలబడ్డాడు. మేమూ కాసేపు నీళ్ళు చూశాం. అవతల గట్టు మీద ఆగినవాళ్ళెవరో "అయిపోయిందాండీ? వెళ్ళొచ్చాండీ?" అని అడిగితే, వెళ్ళండి అన్నాను.

మర్నాడే ఆమె అమలాపురం వెళ్ళి ఫోటో పెద్దది చేయించింది. స్టూడియో ఆయన అంచులో ఉన్న నా భుజం తీసేసి వెనకాల మంచుకొండలు పెడతానన్నాడట. ఏమీ ముట్టుకోవద్దండీ అందట. అతను బస్సెక్కే రోజుకి అది గోడ మీద ఉంది. పాతదాన్ని తీసేయబోతే పాప ఒప్పుకోలేదు. ఇప్పటికీ రెండు పటాలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళితే పాప నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. "ఈ నాన్న డ్యూటీకెళ్ళేడు" అంది, బిగుసుకున్న పటం చూపించి. "ఈ నాన్న మాతోటే ఉన్నాడు" అంది, రెండోదాన్ని చూపించి. వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు.

కాలం ఎవరి సెలవునీ పొడిగించదు, అడిగినవాళ్ళు లేక కాదు. కానీ ఆ గోడ మీదున్న ఒక్క సాయంత్రం విషయంలో మాత్రం, ఎందుకో గానీ, చూసీ చూడనట్టు ఊరుకుంది.