కొయ్యకు మొదలు ఎటు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, ఆషాఢం మొదటి వారంలో నన్ను సీఎన్‌సీ విభాగానికి ఇన్‌ఛార్జిగా వేశారు. విభాగం అంటే ఒక రేకుల షెడ్డు, ఒక మిషన్, ఒక కంప్యూటర్, ఒక కుర్చీ. బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారిలో ఉన్న ఆ తలుపుల కార్ఖానాలో అప్పటికి నేను హెడ్ మేస్త్రీని. మా దగ్గర హోదాలు మూడే ఉండేవి: పాలిష్ పట్టేవాడు, మేస్త్రీ, హెడ్ మేస్త్రీ. ఇన్‌ఛార్జి అనే నాలుగోది మిషన్‌తోపాటే లారీలోంచి దిగింది. దాంతో వచ్చిన అధికారం ఏమిటో నేను రిటైరయ్యేదాకా ఎవరూ చెప్పలేదు.

ఆషాఢంలో మా వైపు ఎవరూ ద్వారబంధం నిలబెట్టరు. కార్ఖానా ఖాళీ. ఆ ఖాళీలో నేర్చుకోమన్నారు. యజమాని రామ్మోహన్ ఆ మిషన్ కొనడానికి కారణం చాలా గొప్పది. తాడిపత్రిలో ఆయన బావమరిది ఒకటి కొన్నాడు.

తెలియనివారి కోసం చెబుతాను. సీఎన్‌సీ రౌటర్ అంటే డబుల్ మంచమంత బల్ల. దానిమీద అన్ని దిక్కులకూ, పైకీ కిందికీ కదిలే ఒక మోటారు. మోటారు కొసన గిర్రున తిరుగుతూ కోసే బిట్. కంప్యూటర్‌లో మనం గీసిన గీత ఎటు పోతే బిట్ కొయ్యమీద అటు పోతుంది. అంతే. అది చెక్కడం కాదు, గీత వెంబడి పోవడం. ఈ మాట అంటే మిషన్లు అమ్మేవాళ్ళకు కోపం వస్తుంది. రానీ.

నేర్పడానికి బెంగళూరు నుంచి ఒక ట్రైనర్‌ను రెండు రోజులకు పంపారు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెడలో కార్డు. కొయ్యపొట్టు పడుతుందని కంప్యూటర్‌కు గుడ్డ కప్పమని నేనంటే, ఆయన ఆ గుడ్డ తీసుకుని తన చొక్కామీద కప్పుకున్నాడు. ఏ బటన్ ఎక్కడుందో చూపించాడు. ఎందుకుందో చెప్పలేదు. బహుశా ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. ఏ కొయ్యో ఎంచుకోవాలి సార్ అని ఒక పట్టిక తెరిచాడు. మేపుల్, చెర్రీ, ఓక్, పైన్.

"వేప యాడుండాదప్పా?" అని అడిగాను.

"వేప అంటే?"

"నీమ్."

ఆయన పట్టికంతా పైకీ కిందికీ వెతికి, "అదర్స్ పెట్టుకోండి సార్" అన్నాడు. వేప, తుమ్మ, చింత, మా జిల్లాలో పెరిగే చెట్టూ చేమా అంతా ఆ సాఫ్ట్‌వేర్ దృష్టిలో 'అదర్స్'. రెండో రోజు మధ్యాహ్నం నేను అన్నీ నేర్చుకున్నానని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, భోంచేసి బస్సెక్కాడు. అప్పటికి నాకు ఫైలు సేవ్ చేయడం కూడా రాదు.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది పనిముట్ల డబ్బాల మీది అచ్చులోంచి. అందుకని ఒక నోటుబుక్కు కొన్నాను. ఎడమ పేజీలో తెరమీది మాట తెలుగు అక్షరాల్లో రాశాను. కుడి పేజీలో అది చేసే పని. ఫోన్‌లో వీడియోలు కూడా చూశాను. ప్రతి వీడియోలోనూ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు అద్దంలా చదునైన ప్లైవుడ్ ముక్కను బల్లమీద పెట్టి నవ్వుతుంటాడు. మా ఎండకు మూడేళ్ళు ఆరి, మెలితిరిగిన కొయ్య ఇస్తే ఆ నవ్వు ఎంతసేపు నిలుస్తుందో చూడాలని నాకు బలంగా ఉండేది.

పని వరస ఇది. ముందు బొమ్మ గీయాలి. గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి. కంచెలో ఒక్క సందు ఉన్నా మేకలు చేలో పడినట్టు, గీతలో వెంట్రుకంత సందు ఉన్నా మిషన్‌కు లోపలేదో బయటేదో తెలియదు. తరువాత ఏ బిట్, ఎంత లోతు అని చెప్పాలి. అప్పుడు బిట్ నడిచే దారి తయారవుతుంది. దాన్ని టూల్‌పాత్ అంటారు. ఆ దారిని తెరమీద నడిపించి చూసుకుని, పెన్‌డ్రైవ్‌లో మిషన్‌కు ఎక్కించాలి. చివరికి బిట్‌ను కొయ్య పైభాగానికి ఆనించి "ఇది జీరో" అని చెప్పాలి. ఇది తప్పితే బిట్ కొయ్యను దాటి బల్లను దున్నుతుంది. నేను ఒకసారి దున్నాను. రామ్మోహన్ ఆ గాడి చూసి ట్రైనర్‌ను తిట్టాడు. నేను అడ్డం చెప్పలేదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం నెస్టింగ్. చేయవలసిన ముక్కలన్నీ చూపి, పలక కొలత చెబితే, ఎక్కువ వృథా కాకుండా అదే అన్నింటినీ తిప్పి, జరిపి సర్దుతుంది. మేము సుద్దముక్క పట్టుకుని ఒక పూట తల బద్దలు కొట్టుకునే పని రెప్పపాటులో చేసేది. దాన్ని చూసి చాలా మురిశాను. ఆషాఢం ముగిసేసరికి ట్రైనర్ ఎంత అడుగునున్నాడో, నేను ఎంత పైకెక్కానో షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

శ్రావణం మొదట్లో యాడికి దగ్గరి పల్లె నుంచి ఓబులమ్మ వచ్చింది. కూలి పనులు చేసుకుంటూ కొంచెం మెట్టభూమి సాగు చేసే మనిషి. ప్రభుత్వ పథకం కింద వచ్చిన ఇంటికి తనే మనుషులను పెట్టుకుని గోడలు లేపించుకుంటోంది. చేనిగట్టు మీది వేపచెట్టు వరుస కరువుల్లో ఎండితే కోయించి, పలకలు మంచం కింద మూడేళ్ళు ఆరబెట్టింది. అందులో నిడుపాటిది, మందపాటిది ఒక్కటే. ద్వారబంధానికి రెండు నిలువు కొయ్యలూ దాంట్లోంచే రావాలి. గడపకూ పై కొయ్యకూ వేరే ముక్కలు తెచ్చింది. రెండో గురువారం పొద్దున నిలబెట్టాలి. ఆమె అడిగింది ఒకటే: మొదలు కిందికి, కొస పైకి ఉండాలి.

ఇది మా పనిలో ఎవరూ తప్పని పద్ధతి. చెట్టు నేలమీద ఎట్లా నిలబడిందో ద్వారంలో కొయ్య అట్లాగే నిలబడాలి. వేళ్ళవైపు కింద, కొమ్మలవైపు పైన. తలకిందులుగా నిలిపిన కొయ్య కింద కాపురం చేయమని మా వైపు ఎవరూ ఒప్పుకోరు. మా నాయన దగ్గర ఉలి పట్టిన మొదటి రోజు నేను నేర్చుకున్నది అదే.

"పసుపు గుర్తు పెట్టినానన్నా మొదలు కాడ. చూసుకో" అంది ఓబులమ్మ.

"నాకు చెప్తాండావా తల్లీ? నువ్వు పుట్టకముందు నుంచి ద్వారబందాలు నిలబెడ్తాండా" అన్నాను.

"పుట్టినాక గూడా చూసుకో" అంది ఆమె.

రామ్మోహన్ మధ్యలో కలుగజేసుకుని, మిషన్ మీద మొదటి పని కాబట్టి కొయ్యలకు పూలూ అడుగున కలశాలూ ఊరికే వేయిస్తానన్నాడు. ఆయనకు కావలసింది ఫోన్‌లో స్టేటస్ పెట్టుకోవడానికి ఫొటో. ఊరికే అనేసరికి ఓబులమ్మ సరే అంది.

ఆ గురువారానికి ముందు సోమవారం పలకను బల్లమీదికి ఎక్కించాను. వంకర కొయ్యను చదును చేయడానికి ముందు బిట్‌తో పైపొర అంతా లేపేస్తాం. దాన్ని ఫేసింగ్ అంటారు. ఒకవైపు లేపి, తిప్పి రెండోవైపూ లేపాను. చందనం లాంటి లేతరంగు పొట్టు పడింది. ఆ తరువాత కంప్యూటర్ ముందు కూర్చుని రెండు కొయ్యల బొమ్మలూ నెస్టింగ్‌కు ఇచ్చాను. కలశం ఉన్న అడుగుభాగం వెడల్పు, పైభాగం సన్నం. సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని నిటారుగా, రెండోదాన్ని తిరగేసి, ఒకదాని వెడల్పు పక్కన ఇంకోదాని సన్నం వచ్చేట్టు సర్దింది. చాలీచాలని పలకలో రెండూ కుదిరాయి. నేను సంబరపడి రామ్మోహన్‌ను పిలిచి చూపించాను. ఆయన భుజం తట్టాడు. స్టార్ట్ నొక్కాను.

సాయంత్రానికి పని అయింది. చెక్కడం నునుపుగానే ఉంది. రెండు కొయ్యలనూ గోడకు ఆనించి చూశాను. ఒకదానిమీద ముడి ఉంది. కొమ్మ పుట్టిన చోటు అది. కొమ్మ పైకి వాలి పెరుగుతుంది గనక ముడి చుట్టూ గీతలు పైకి సాగుతాయి. ఈ కొయ్యమీద అవి కలశంవైపు, అంటే కిందికి సాగి ఉన్నాయి.

ఇంకో ఇద్దరు మేస్త్రీలను పిలిచి అడగవలసిన అవసరం లేదు. ఒకటి సరిగ్గా ఉంది, ఒకటి తలకిందులు. పసుపు గుర్తు యాడుందా అని చూడటానికి కూడా లేదు. అది పొట్టులో కలిసి గోనెసంచిలో ఉంది.

రామ్మోహన్ విషయం విని నవ్వాడు. "ఎవరొచ్చి చూస్తారు మేస్త్రీ? ఆయమ్మకు కావాల్సింది పసుపే కదా. రెండిటికీ అడుగున పుయ్యి. సరిపాయె" అన్నాడు. అప్పటికే ఆయన ఫొటో స్టేటస్‌లో పెట్టేశాడు. ఆ సలహా నాకు ఎంత నీచంగా అనిపించిందో అంత సులువుగానూ అనిపించిందని రాయకపోతే అబద్ధమవుతుంది. పసుపు వంటగదిలోనే ఉంది. ఒక టీ తాగేంతసేపు ఆ మాట నా బుర్రలో తిరిగింది. బల్లను దున్నినప్పుడు తప్పు ట్రైనర్ మీదికి పోయింది. ఇది ఎవరి మీదికీ పోదు. ఆ ఇంట్లోకి వస్తూ పోతూ ఆమె రోజూ ఆ కొయ్య పక్కనే అడుగు పెడుతుంది. ఓబులమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

మంగళవారం మొదటి బస్సుకే వచ్చింది. పూలను చూడలేదు.

"ఏది?" అంది. చూపించాను. దానిమీద అరచెయ్యి పెట్టింది.

"నేను గుర్తు పెట్టినా కదన్నా."

"పెట్టినావు."

"మరి యాడ పాయె?"

"మిషన్ లేపేసింది."

"మిషన్ లేపేస్తాంటే నువ్వేం జేస్తాంటివి?"

"కంప్యూటర్ చూస్తాంటి" అన్నాను. నలభై ఏళ్ళ పనిలో నేను ఇచ్చుకున్న జవాబుల్లో అంత సిగ్గుమాలింది ఇంకోటి లేదు.

రామ్మోహన్ వేరే కొయ్య, టేకుదే, ఇప్పిస్తానన్నాడు. ఆమె ఆయనవైపు తిరగను కూడా తిరగలేదు. "టేకు నా చేన్లో మొలిచిందా ఏమప్పా?" అని, మళ్ళీ నన్నే అడిగింది: "ఈ కొయ్యనే తిప్పి నిలబెడితే?"

"కలశం పైకి పోతాది. పూలు తలకిందులైతాయి."

"పూలు తీసేయ్. ఊరికే వస్తాండాయని ఒప్పుకుంటి. నాదీ బుద్ధి తక్కువే."

చెక్కడం లోతు అర అంగుళం. అది పోయినా కొయ్యకు మందం చాలుతుంది. గడప, పై కొయ్యల కొసల్లోని కూసాలు దిగడానికి బెజ్జాలు ఇంకా కొట్టలేదు. అడుగుభాగం వెడల్పును పైభాగమంత సన్నంగా కోస్తే రెండూ సమానమవుతాయి. ఇదంతా మిషన్ చేయగలదు. నేను దానికి ఇవ్వలేదు. మంగళ, బుధ రెండు రోజులు చిత్రిక పట్టి రెండు కొయ్యల మీది పూలనూ కలశాలనూ చెరిపేశాను. ఓబులమ్మ మంగళవారమంతా షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చుంది. నా మీద నమ్మకం లేదని దాచుకోలేదు. మధ్యలో ఒకసారి, "మిషన్ ఒక పూటలో చేసిందాన్ని చెరపడానికి నీకు రెండు దినాలు పడ్తాండాదే" అంది. నేను చిత్రిక ఆపలేదు.

గురువారం ద్వారబంధం నిలబడింది. పూలు లేవు, కలశం లేదు. మొదళ్ళు రెండూ కిందికే ఉన్నాయి. రామ్మోహన్ స్టేటస్ తీసేశాడు.

ఆ మర్నాడు నోటుబుక్కు మొదటి పేజీలో రాశాను. నెస్టింగ్‌లో ముక్కను తిప్పే అనుమతి తీసేయాలి. ప్రతి బొమ్మలో మొదలువైపుకు బాణం గీయాలి. గుర్తు కొయ్య పైభాగాన కాదు, బిట్ తగలని కోత ముఖం మీద, అంటే రంపం కోసిన కొసన పెట్టాలి. స్టార్ట్ నొక్కేముందు ఆ గుర్తునూ తెరమీది బాణాన్నీ చేత్తో తాకి సరిచూడాలి. ఇదే కాగితం మీద రాసి మిషన్‌కు అంటించాను.

ఆరు నెలలకు ట్రైనర్ సర్వీసుకు వచ్చి ఆ కాగితం చదివాడు. గ్రెయిన్ డైరెక్షన్ అని ఒక ఆప్షన్ ఉంది సార్, అది పెట్టుకుంటే చాలు అన్నాడు. గ్రెయిన్ అంటే కొయ్య గీతలు పోయే వాలు. అది నిలువో అడ్డమో మాత్రమే చెబుతుంది. నిలువుగా ఉన్నదానికి తల ఏదో, కాలు ఏదో చెప్పదు. ఆయనకు అది వివరిస్తే, "అంత డీటెయిల్ ఎవరూ అడగరు సార్" అన్నాడు.

ఆ మాటకు ఆయన్ను చీవాట్లు పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఆయనకు పద్ధతి తెలియదు, సాఫ్ట్‌వేర్‌కు చెట్టు తెలియదు. రెండూ తెలిసి షెడ్డులో ఉన్నవాణ్ణి నేను ఒక్కణ్ణే. ఆ సోమవారం మొదలు ఎటు అని అడగవలసింది నేను. అడగలేదు.