మా ఆయనకు వచ్చిన తెలుగు

మా అమ్మాయికి మూడో ఏడు దగ్గర పడుతున్నా మాటలు రాలేదు. "అమ్మ" అనేది, "ఆం" అనేది, అంతే. మిగతా సంసారమంతా చూపుడువేలితో నడిపించేది. అది వేలు చూపించడం, మేము పరిగెత్తి తెచ్చివ్వడం. నాకు లోపల దిగులుగానే ఉండేది గానీ బయటికి కోపంగా వచ్చేది. నా దిగుళ్ళన్నీ అలాగే వస్తాయి. వీధిలో ఎవరైనా "ఏటే, గుంట ఇంకా మాటాడదా?" అని అడిగితే, "దాని వాటా కూడా మీరు మాటాడేత్తన్నారు కదా" అని మొహం మీదే అనేసి వచ్చేదాన్ని.

అప్పట్లో మేము అనకాపల్లిలో మా అమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అయింది. అందుకని పెళ్ళయినా నేను ఆ ఇల్లు వదల్లేదు, మా ఆయనే ఒక సూట్‌కేసుతో వచ్చి చేరాడు. నేను పొద్దున్నే బస్సెక్కి సబ్బవరం వెళ్ళేదాన్ని. అక్కడొక ఇంగ్లీషు మీడియం స్కూల్లో చిన్నపిల్లలకు టీచర్ని. పిల్లను అమ్మ చూసుకునేది. ఆయన బెల్లం మార్కెట్‌కి వెళ్ళేవాడు.

ఆయనది రాయగడ అవతల ఒక పల్లె. ఒరియా వాళ్ళు. అక్కడి వ్యాపారి ఒకాయన తరఫున బెల్లం కొని లారీలకెత్తించడానికి మా ఊరు వచ్చి, మార్కెట్ పక్కనే గది తీసుకుని, ఆదివారాలు మా చర్చికి వచ్చేవాడు. వెనక బెంచీలో కూర్చుని పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాడు. తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేకపోయినా పాట అయిపోయేదాకా పెదాలు మాత్రం కదిపేవాడు. పాస్టరమ్మగారు అది చూసి, మనిషి మర్యాదస్తుడని తేల్చేసి సంబంధం కలిపారు. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగింది ఒక్కటే, "టీ తాగేరా?" అని. ఆ ఒక్క ప్రశ్నకే నాకు నచ్చాడు.

ఆయన తెలుగు నేర్చుకున్నది మార్కెట్లో. బెల్లం దిమ్మలు మోసే కలాసీల దగ్గర, లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నాడు. బెల్లం రంగు మీద అరగంట మాట్లాడగలడు. లోడు ఆలస్యమైతే డ్రైవర్ని కడిగి ఆరేయగలడు. మార్కెట్లో మగాళ్ళందరూ ఆయనకు బావలూ మామలే. గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి మాత్రం ఆ తెలుగంతా అక్కరకు రాకుండా పోయేది. మా అమ్మతో "అలాగే అత్తా" దాటి సంభాషణ సాగేది కాదు. నాతో అవసరమైనంత మాట్లాడేవాడు. స్వభావమే అంత అనుకుని నేనూ పట్టించుకోలేదు. ఇద్దరికీ కావలసిన మాటలు నా దగ్గర పుష్కలంగా ఉన్నాయి.

పిల్ల పుట్టాక దాంతో ఒరియాలో మాట్లాడటం మొదలుపెట్టాడు. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, దాన్ని ఎత్తుకుని వీధి అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ ఏదో చెబుతుండేవాడు. పిల్ల ఆయన నోరే చూస్తూ వినేది. ఊళ్ళో ఉన్న ఆయన తల్లికి తెలుగు ముక్క రాదు. మేము వెళ్ళినప్పుడు ఆవిడా నేనూ ఒకరి కంచంలో ఒకరం వడ్డించుకుంటూ, నవ్వుకుంటూ రోజులు గడిపేసేవాళ్ళం. ఒకసారి అక్కణ్ణుంచి తిరిగొస్తుంటే రైల్లో ఆయన పిల్లను ఒళ్ళో వేసుకుని అన్నాడు, "ఊర్లో మా అమ్మ దీంతోటి మాటాడాల. ఇక్కడ నేను దీంతోటి మాటాడాల. నాకు ఇంకెవులున్నారు?"

"నేనేటి, గోడనా?" అన్నాను. బొబ్బిలి దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు.

పిల్లకు ఎంతకీ మాటలు రాకపోతే డాక్టరుకు చూపించాం. చెవులు బాగానే ఉన్నాయి, కొందరు పిల్లలు ఆలస్యం చేస్తారు, కంగారు పడకండి అన్నాడు డాక్టరు. ఆ మాట నాకు చాలింది గానీ చర్చిలో ఆడవాళ్ళకు చాల్లేదు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలబడి తీర్పు చెప్పేశారు. రెండు బాసలు ఒక్క బుర్రలో కూరితే పిల్ల ఎటూ తేల్చుకోలేకపోతంది, ఒరియా ఆపేయండి అన్నారు. అన్నవాళ్ళందరి పిల్లలూ ఇంగ్లీషు మీడియంలోనే చదువుతున్నారు. ఇంటికెవరైనా వస్తే ఆ పిల్లల్ని మధ్యలో నిలబెట్టి ఇంగ్లీషు పద్యాలు చెప్పించేవాళ్ళు. ఇంగ్లీషుకు బుర్రలో ఎంత చోటైనా ఉంటుంది, ఒరియాకే ఉండదు. అదే అన్నాను వాళ్ళతో. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు మీదకు లాక్కొచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ అమ్మ ఆయనతో మెల్లగా కదిపింది. "బాబూ, గుంటకి మాటలొచ్చీదాకా మీ బాస కూసింత ఆపండి. తరవాత మీ ఇష్టం."

"అలాగే అత్తా," అన్నాడు. కంచంలోంచి తలెత్తలేదు.

నేను అమ్మతో పోట్లాడాను. మా వంటింట్లో గిన్నెలకు ఇప్పటికీ ఆ పోట్లాట తాలూకు సొట్టలున్నాయి. తర్వాత ఆయనతో పోట్లాడాను, ఎవరేమంటే దానికి తలూపడమేనా అని. ఆయన దండెం మీద చొక్కా తీసుకుంటూ, "పోనీ ఒగ్గీ. పిల్ల మాటాడితే సాలు. ఏ బాసైతే ఏటి," అన్నాడు. గొంతు మాత్రం ఆ మాటకు తగ్గట్టు లేదు.

అన్నట్టే ఆ రోజునుంచి ఒరియా మానేశాడు. సాయంత్రం పిల్లను ఎత్తుకుంటాడు, అరుగు మీద తిరుగుతాడు, నోట మాట ఉండదు. చుట్టాలింట్లో పిల్లను పలకరించినట్టు "ఏటమ్మా, బాగున్నావా?" అనేవాడు. పొద్దున్న చూసిన పిల్లనే బాగున్నావా అని అడగడమేమిటో. పిల్ల కాసేపు ఆయన నోటికేసి చూసి, ఏమీ రాకపోతే కిందికి దిగిపోయేది. నేను బస్సు దిగి ఇంటికొస్తూ దూరం నుంచే ఆ అరుగు చూసేదాన్ని. ఆయన ఒక పక్క, పిల్ల ఒక పక్క కూర్చుని ఉండేవాళ్ళు. 

తర్వాత్తర్వాత, ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఆయనకు వచ్చిన తెలుగే తీశాడు. చిన్నపిల్లతో మాట్లాడే తెలుగు ఆయనకు ఎవరూ నేర్పలేదు. అన్నం పెడుతూ, "పట్టు బావా, పట్టు. ఇంకొక్కటే. అయిపోయింది లోడు," అనేవాడు. చెప్పులు తొడుగుతూ, "బేగి కానీ, బేగి కానీ," అని తొందరపెట్టేవాడు. మంచం మీంచి ఎత్తుతూ, "సూసుకో, అంచు గట్టిగా పట్టు," అనేవాడు. అమ్మా నేనూ వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయన నవ్వడంలేదని కొన్నాళ్ళకు గమనించాను. ఆ తర్వాత నాకూ నవ్వు రాలేదు.

పిల్లకు మాటలు రావాలని అమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టించింది. ముందు గదిలో చాపలు పరిచాం. పాస్టరు గారికి ఎదురింట్లోంచి చేతుల కుర్చీ తెచ్చాం. చర్చి ఆడవాళ్ళంతా వచ్చారు. మా పాస్టరు గారు మంచి మనిషి, కానీ ఆయన ప్రార్థన సృష్టి దగ్గర మొదలవుతుంది, అక్కణ్ణుంచి మా వీధి దాకా రావాలి. మోషే దగ్గరికి వచ్చేసరికే టీ చల్లారిపోయింది. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. పిల్ల వాళ్ళ నాన్న ఒళ్ళో ఉంది. పాస్టరు గారు గొంతు పెంచి, మూగవారి నోరు తెరిచిన ప్రభువా, ఈ చిన్నబిడ్డ నాలుకను కూడా సడలించు తండ్రీ, అంటూ మళ్ళీ మొదటికి వెళ్ళబోతున్నారు.

"బేగి కానీ మామా. లారీ ఎల్లిపోతాది."

స్పష్టంగా, గట్టిగా, ఎక్కడా తడబడకుండా వచ్చింది మాట. నేను కళ్ళు తెరిచాను. అందరూ తెరిచారు. పిల్ల పాస్టరు గారికేసే చూస్తోంది. ఆయన నోరు తెరిచి ఉండిపోయి, చివరికి, "ఆమేన్," అన్నారు. అక్కడికి ప్రార్థన ముగిసింది.

నేను పిల్లను లాక్కుని ముద్దులు పెట్టి ఏడ్చాను. అమ్మ ఏడ్చింది. చర్చి ఆడవాళ్ళు, చూశారా, ఒరియా ఆపితే మాటలొచ్చేశాయి అన్నారు. ఆ సంతోషంలో వాళ్ళకు జవాబు చెప్పడం కూడా మర్చిపోయాను. ఆయన ఒక్కడే గోడకు ఆనుకుని సన్నగా నవ్వుతూ కూర్చున్నాడు.

మాటలైతే మొదలయ్యాయి గానీ, వచ్చినవన్నీ మార్కెట్ మాటలే. అమ్మమ్మ బిందె ఎత్తుతుంటే పక్కన నిలబడి, "ఎత్తు, ఎత్తు, నడుం వంచు," అనేది. చర్చిలో పాస్టరమ్మగారిని, "ఏటి బావా, అవుపడ్డంలేదు," అని పలకరించింది. ఒకరోజు పాలు పోసే అతను ఆలస్యంగా వస్తే, లారీ డ్రైవర్లను అనే మాట ఒకటి అనేసింది. ఆ మాట ఇక్కడ రాయను. పాలతను నవ్వుకుంటూ పోయాడు. అమ్మ మాత్రం గిన్నె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం ఆయన రాగానే అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను పిల్ల జడ వేస్తున్నాను.

"బాబూ, మీరు గుంటతోటి మీ బాసలోనే మాటాడండి. తెలుగు నేను నేర్పుకుంతాను."

ఆయన తలెత్తి అమ్మకేసి చూశాడు. తిట్లకు సిద్ధపడి వచ్చినట్టున్నాడు.

"మీ బాస నాకు ఒక్క ముక్క తెల్దు," అంది అమ్మ. "కానీ మీరు దాన్నెత్తుకుని అరుగు మీద మాటాడతంటే, నేను పొయ్యి దగ్గర చెయ్యి ఆపీసి వినీదాన్ని. బాగుండీది వినడానికి. మీరు ఆపీసేక ఇల్లు బోసిపోయింది బాబూ."

అమ్మ నోట అలాంటి మాట వస్తుందని నేను అనుకోలేదు. నేను చేసిన పోట్లాటలన్నీ వృథా, పాలతను వచ్చి సాధించాడు.

ఆయన "అలాగే అత్తా" అన్నాడు గానీ మొదలుపెట్టలేదు. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు. వారం గడిచిపోయింది. అరుగు మీద అదే తెలుగు. ఇక ఆగలేక, అమ్మ ఒప్పుకుంది కదా, ఇంకా ఏమిటి మీకు అని అడిగేశాను.

"పిల్ల మర్సిపోయుంటాది," అన్నాడు. కాసేపు అరుగు గచ్చు గోటితో గీకాడు. "నేను మాటాడితే, ఎవుడో కొత్తోడు మాటాడినట్టు సూత్తే? దానికి అర్తం కాపోతే నేనేటి సెయ్యాల?"

నా జవాబు కోసం ఆగలేదు.  లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

శనివారం పిల్లకు తలంటు. దానికి తలంటు అంటే యుద్ధం. ఆ వేళ అమ్మకు నడుం పట్టేసింది. నేను సబ్బు రుద్దుతాను, మీరు నీళ్ళు పొయ్యండి అని ఆయన్ను పెరట్లోకి పిలిచాను. పిల్ల తల నిండా నురుగు. కళ్ళు ఇంత పెద్దవి చేసి అటూ ఇటూ గింజుకుంటోంది. కళ్ళు మూసుకోవే, మూసుకోవే అని నేను అరుస్తున్నాను. నేను అరిచినకొద్దీ అది ఇంకా తెరుస్తోంది. ఆయన నీళ్ళ చెంబు పైకెత్తి పట్టుకుని, పొయ్యాలో వద్దో తెలీక నిలబడ్డాడు. నురుగు కంట్లోకి జారుతోంది.

"ఆఖి బుజొ, మా," అన్నాడు మెల్లగా. "ఆఖి బుజొ."

పిల్ల గింజుకోవడం ఆపింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. మొహం ఆయనకేసి ఎత్తి, పెదాలు బిగబట్టి, నీళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ మాటకు అర్థమేమిటో నాకు దాని మొహం చూశాకే తెలిసింది.

ఆయన నీళ్ళు పొయ్యలేదు. చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. చెంబులోంచి నీళ్ళు తొణికాయి. పిల్ల కళ్ళు తెరవకుండానే విసుగ్గా, "పాణి," అంది. నీళ్ళు అని. అది దాని నోట నేను విన్న మొదటి ఒరియా మాట.

అప్పుడు పోశాడు. పోస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో, ఆగకుండా, ముక్కు ఎగబీలుస్తూ, నవ్వుతూ మాట్లాడాడు. గొంతు మార్చి ఎవరినో అనుకరించాడు. పిల్ల పకపకా నవ్వింది. మధ్యలో అది వచ్చీరాని ఒరియాలో ఏదో అడిగింది, ఆయన జవాబు చెప్పాడు. అంత హాస్యగాడా ఈయన అని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నా మొగుడూ నా కూతురూ నా కళ్ళెదుట కబుర్లు చెప్పుకుంటుంటే, సబ్బు చేతులతో తడిలో కూర్చుని, ఒక్క ముక్క తెలీక, ఎక్కడ నవ్వాలో కూడా తెలీక చూస్తున్నాను. సంతోషంగా ఉంది. ఏడుపూ వస్తోంది. కూతురి మీద అసూయగానూ ఉంది.

"ఏటంటన్నారు? నాకూ సెప్పండి," అన్నాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ను నేను ఆ మాట అడగడం అదే మొదలు. ఆయన చెంబు కింద పెట్టి నాకేసి చూశాడు.

"ఏది?" అన్నాడు.

"అంతా. మొదట్నుంచీ," అన్నాను.