మూడు రోజుల చేబదులు

రాత్రి వానలో తడిసిన షామియానాలను ఈ ఉదయం దుకాణం ముందు ఆరేశారు. ఎండ తగలగానే ఆ గుడ్డల్లోంచి ముక్కిన వాసన లేచింది. ఆ వాసన వస్తే నాకు ఒక లెక్క నోటికొస్తుంది: నలభై ఆరు స్టీలు గ్లాసులు, తొమ్మిది గరిటెలు, రెండు తివాచీలు, మూతతో సహా ఒక పెద్ద గుండిగ. ఆరేళ్ల కిందట నేను లేని మూడు పెళ్లిళ్లలో పోయిన సామాను అది. పోగొట్టింది మా యజమానురాలు పైడమ్మప్ప. నా జీతంలో కోసుకోమన్నా ఆవిడ కోయలేదు.

విజయనగరంలో ఈ టెంటుహౌసును భర్త పోయాక ఆవిడే నడిపింది. నాకు చుట్టం కాదు. అయినా చేరిన రోజు నుంచీ, మా వైపు అక్కను పిలిచినట్టు, అప్పా అనే పిలిచాను. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. లెక్కలు ఇక్కడే, సామాను ఎక్కిస్తూ దించుతూ నాకు నేనే నేర్చుకున్నాను. వెళ్లినదీ వచ్చినదీ సరిచూడడం నా పని. అది ఇంకొకరికి అప్పగించే పని కాదని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే పెళ్లయిన ఇరవై రెండేళ్లూ ఎక్కడికీ కదల్లేదు. నా భార్య కాంతం మాత్రం అప్పుడప్పుడు అనేది: "ఏ వూరైనా పరవానేదు. నాలుగు రోజులు నాను వండకుండా ఉండాల."

మా వృత్తిలో సెలవంటే మూఢమే. శుక్రుడో గురుడో కనపడని ఆ రోజుల్లో పెళ్లిళ్లు చేయరు. ఆ ఏడు మూఢం మొదలయ్యే తేదీ తెలుసుకుని, కిందటిసారి ఎన్నాళ్లుందో అన్నాళ్లూ కలిపి, మైసూరుకు ముందే టికెట్లు కొన్నాను. కూడిక వచ్చినవాడికి పంచాంగం ఎందుకనుకున్నాను. మూఢాలన్నీ ఒకే పొడవు ఉండవు. ఆసారి తొందరగా విడిచిపోయింది. మా ఆరు రోజుల ప్రయాణంలో మూడు ముహూర్తాలు పడ్డాయి. మూడింటికీ అప్ప అప్పటికే ఒప్పుకుని ఉంది.

అడగడానికి నాకు వారం పట్టింది. ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది.

"అప్పా, మూఢం లెక్క తప్పిపోనాది," అన్నాను.

"ఏటీ, శుక్రుడు నీకు సెప్పకుండా లెగిసిపోనాడా?"

గిన్నెలు తోముతున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ప్రయాణం సంగతి చెప్పి సెలవు అడిగాను.

"టికెట్లు కొనీసి సెలవడుగుతన్నావా? ఒరే, అది అడగడం కాదు, సెప్పడం."

నిజమే. తల దించుకుని, టికెట్లు రద్దు చేస్తే ఎంత పోతుందో, లాడ్జికి ఎంత కట్టానో ఏకరువు పెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"డబ్బుల సంగతి నానడగనేదు. కాంతం ఏటంటన్నాది?"

"ఏటీ అన్లేదప్పా. పెట్టి సర్దీసింది."

"సర్దీసిందా?" మోకాలి మీద చెయ్యి ఆగింది. "అయితే ఎల్లు. సర్దిన పెట్టి ఇప్పించకు. ఓపాలి ఇప్పితే మరి సర్దబుద్దెయ్యదు. నాను ఇప్పీసినాను."

ఎప్పుడు, ఎక్కడికి బయలుదేరబోయి ఆగిపోయిందో ఆవిడ చెప్పలేదు. నాకు అడగాలనిపించలేదు.

"మరి సామాను ఎవులు సూస్తారప్పా?"

"నాను సూస్తాను. సెలవనుకోకు. సేబదులు. ఆ మూడు పెళ్లిళ్లకీ మూడు రోజులు ఇస్తన్నాను, నాకవసరమైతే తిరిగిచ్చీ."

మైసూరులో ఓ హోటల్లో కాంతం రెండో దోసె చెప్పించుకుంది. "ఎవులో వండితే తినడం ఇంత సుకంగా ఉంటాదేటి!" అంది. ఇన్నేళ్లూ పూట పూటా నేను అనుభవించింది ఆ సుఖమేనని నాకప్పుడు తట్టింది.

తిరిగొచ్చేసరికి అప్ప డీలాపడి ఉంది. "గ్లాసులు లెక్కెడతంటే ఎవులో పలకరిస్తారు, మరి మొదటికొస్తాది. ఎలాగ సేస్తన్నావురా ఇన్నేళ్లూ?" అంది. నా పని గురించి ఆవిడ అన్న మంచి మాట అదొక్కటే.

మరుసటి ఏడు నిండు పెళ్లిళ్లలో ఒక రోజు తిరిగి తీసుకుంది. శ్రీముఖలింగం వెళ్లి దండం పెట్టుకొచ్చింది. ఆవిడ పనీ నా పనీ నేనే చేశాను. రెండోది కంటి ఆపరేషనుకు తీసుకుంది. ఇంకొక్కటే ఉంది, అదీ తీసుకొమ్మంటే నవ్వింది.

"ఉండనీరా. బాకీ తీరిపోతే నా మాట ఇంకేటి ఇంటావు?"

కిందటి ఏడు ఆవిడ పోయింది. అదీ మూఢంలోనే. పెళ్లిళ్లు లేవు, దుకాణం ఖాళీ. ఆ రోజు బాకీ కింద ఆవిడ బదులు నేను చేయవలసిన పనంటూ ఏదీ లేకపోయింది. ఇప్పుడు దుకాణంలో పనివాళ్లను చూసేది నేనే, సెలవు కావాలన్నవాళ్లు నా ముందుకొచ్చి నిలబడతారు. వరస పెళ్లిళ్లతో నా నడుము పడిపోయి ఉంటుంది, కాదనడమే తేలిక. అయినా ముందు ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారో అడుగుతాను. ఆ తరవాత చాలాసార్లు కాదనలేను.

దుకాణం ఇప్పుడు ఆవిడ కొడుకుది. ఒకసారి అతనికి ఈ చేబదులు సంగతి చెప్పాను. "మాఫీ సేసీసినాను మావా," అని భుజం తట్టాడు. అప్పిచ్చింది అతను కాదు. నా లెక్కలో ఇంకా ఒక రోజు బాకీ.