జోసెఫ్ మావకు దక్కిన చాకిరీ

గురజాలలో మా జోసెఫ్ మావకు ఉన్నది ఒకే ఒక్క గుణం, అసూయ. పక్కింటి కోటయ్య ఒక పన్ను పీకించుకుంటే తాను రెండు పీకించుకున్నాడు. కోటయ్య తాటిచెట్టు మీద పిడుగు పడితే, "మా చెట్టుకేం తక్కువ?" అని మూడు రోజులు ఆకాశంతో మాట్లాడలేదు. నమ్మకపోతే ఆ చెట్టునే అడగండి.

1958లో మా వీధి నర్సు హన్నమ్మ పెద్దమ్మ వీలునామా రాయించింది. ఇల్లూ, కుట్టుమిషనూ తాను పెంచుకున్న దయామణికి. గోడగడియారం మాచర్లలో ఉన్న అన్న కొడుకు శౌరికి. కాన్వెంటులో చదివినవాణ్ణని నన్ను ఎగ్జిక్యూటరుగా పెట్టింది.

సాయంత్రానికల్లా మావ ఊడిపడ్డాడు.

"ఏంది అల్లుడూ, ఎగ్జిక్యూటరువంట? నీకేం రాసింది?"

"ఏమీ లేదు మావా. ఆమె పోయాక బాకీలుంటే తీర్చాలి, ఎవరిది వాళ్లకు అప్పగించాలి, తగాదా వస్తే కోర్టు చుట్టూ తిరగాలి. అంతా చాకిరే."

"చాకిరైతే మాత్రం నీకే ఎందుకియ్యాల?"

తిన్నగా పెద్దమ్మ దగ్గరికి పోయాడు. "అక్కా, నాలో ఏం తక్కువ?"

పెద్దమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. మర్నాడే నా పేరు తీసేసి ఆయన పేరు రాయించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయన చానా కుళ్లుబోతు గదా పెద్దమ్మా!"

"అందుకేరా! ఇంకొకడు గరిటెడు ఎక్కువ తీసుకుంటే వాడు చూడగలడా? నువ్వు మెత్తనోడివి. శౌరిగాడు కమ్మగా నాలుగు మాటలు చెబితే తాళాలు చేతిలో పెడతావు."

రెండేళ్లకు పెద్దమ్మ పోయింది. సమాధుల తోట నుంచి మేము వచ్చేసరికి శౌరి ఎడ్లబండి వాకిట్లో ఉంది. గడియారం బండెక్కించి, కుట్టుమిషను మీద కూడా చెయ్యేశాడు. దయామణి బిక్కమొహం వేసింది. మావ ఎగిరి మిషను మీద కూర్చున్నాడు.

"దిగు చిన్నాయనా! ఇది మా మేనత్త సొత్తు."

"ఒరేయ్, నాకే లేని మిషను నీకెందుకురా? నీ గడియారం నీకొచ్చింది, పో!"

ఇల్లు కూడా తనకే రావాలని శౌరి కోర్టుకెక్కాడు. మావ నరసరావుపేట బస్సులో ఎన్నిసార్లు తిరిగాడంటే, సీటులో ఆయన ఆకారానికి గుంట పడింది. కండక్టరు అందులో ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఆఖరికి వీలునామా చెల్లింది. మావ ఇంటి తాళాలు దయామణి చేతిలో పెట్టాడు.

"నీకేమీ రాలేదు గదా, ఇంత తిరుగుడు ఎందుకు మావా?" అన్నాను.

"ఆ పిల్లకి నాకంటే ఎక్కువ మేలు ఇంకెవడన్నా చేస్తే నేను తట్టుకోగలనా అల్లుడూ?"

దయామణి ఆ మిషను మీద మొదటి చొక్కా ఆయనకే కుట్టింది. అది తొడుక్కుని మావ మా ఇంటి ముందు ఏడుసార్లు తిరిగాడు. ఎనిమిదోసారి వస్తుంటే చూడలేక తలుపేసుకున్నాను.