చట్నీకి పంపు పెట్టిన కథ

అబద్ధాలు చెప్పడంలో నాకు క్యాంపస్‌లో కొంత పేరుంది. కెమికల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో ఇన్నేళ్లుగా టెక్నీషియన్‌ని; ఆ మాత్రం సరదా లేకపోతే పైపుల మధ్య పిచ్చెక్కుతుంది. కాబట్టి ఇందులో ఎక్కడైనా ఉప్పు ఎక్కువైతే సర్దుకోండి.

తార్నాకలో నేను రోజూ తినే టిఫిన్ బండి ఒకటుంది. దాన్ని నడిపే అక్క చేసే పల్లీ చట్నీ వాసన పట్టుకుని మల్కాజ్‌గిరిలో రైలు దిగి నడిచొచ్చినవాణ్ని నేను చూశాను. ఈ ఏడు ఎండాకాలంలో ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి లేవదు. దోసెలు ఆమె భర్త వేస్తాడు, పార్సిల్ కవర్లలో చట్నీ పోయడం ఆమె పని. గరిటె ముంచడం, ఎత్తడం, పోయడం. పొద్దున్నుంచీ అదే.

"ఇగ నాతోని కాదు సారు. ఈ నెల చూసి బండి బంద్ వెడ్త," అంది ఒకరోజు, ఎడమ చేత్తో ప్లేటు ఇస్తూ.

ఆమెకు బతుకుతెరువు, నాకు దోసె. రెండూ పోయేలా ఉన్నాయి. "పంపు పెడదాం అక్కా," అన్నాను.

మొదట చేపల తొట్టి మోటారు కొత్తది తెచ్చి పెట్టాను. లోపల తిరిగే రెక్కలకు కరివేపాకు ఈనె చుట్టుకుంది, సందుల్లో ఆవాలు ఇరుక్కున్నాయి. రెండో కవరు నిండకముందే మూలిగి ఆగిపోయింది.

"పోపు వెయ్యకుంటే నడుస్తుంది అక్కా."

"పోపు లేని చట్నీ మీ ఇంట్ల తినుర్రి సారు."

ఇంత అవమానం జరిగాక గానీ, ల్యాబ్‌లో రోజూ నా కళ్ల ముందే గొట్టాన్ని నొక్కుతూ తిరిగే పెరిస్టాల్టిక్ పంపు గుర్తు రాలేదు. కాచిగూడలో పాత సామాన్ల దుకాణంలో కారు వైపర్ మోటారు దొరికింది. పాత సూట్‌కేసు చక్రాలు మూడు, కొత్త సిలికోన్ గొట్టం, తొక్కితే మోటారు తిరిగేలా కుట్టుమిషను పెడల్. ఆదివారమంతా కూర్చుని, అన్నీ ఒక డబ్బాలో బిగించి తయారుచేశాను.

"మోటరు గ్రీసు చట్నీల వడ్తె పోరగాండ్ల కడుపులు ఖరాబ్ గావా?"

"చట్నీ గొట్టం లోపల, మోటారు బయట. ఒకదాని మొహం ఒకటి చూడవు. మన పేగులు చూడు, అన్నాన్ని ఎలా నొక్కుకుంటూ..."

"టిఫిన్ల కాడ పేగుల ముచ్చటేంది సారు, గిరాకి వోతది."

ఇలా కాదని, పాలిథిన్ గొట్టంలో అమ్మే రంగు ఐసును పిల్లలు వేళ్లతో నొక్కి పైకి తెచ్చుకోవడం గుర్తుచేశాను. ఇక్కడ వేళ్ల పని చక్రాలది. ఒక చక్రం గొట్టాన్ని నొక్కి చట్నీని ముందుకు తోస్తుంది. అది దాటిపోగానే గొట్టం మళ్లీ ఉబ్బి, గిన్నెలోంచి కొత్త చట్నీని పీల్చుకుంటుంది. అది వెనక్కి పోకుండా ఈలోపే రెండో చక్రం వచ్చి నొక్కుతుంది. అడ్డంపడే రెక్కలు లేవు. రెండు చుట్లు తిరిగితే కవరుకు సరిపడా, ప్రతిసారీ అంతే. రాత్రి గొట్టం ఊడదీసి వేణ్నీళ్లతో కడిగితే చాలు. ఒకేచోట నలిగి చిరగకుండా వారానికోసారి గొట్టాన్ని జానెడు జరపాలి.

"గుండె ఆపరేషన్ చేసేటప్పుడు ఒంట్లో నెత్తురు తిప్పేది కూడా ఇలాంటి పంపే అక్కా."

"ఇగ షురూ జేసిండు," అంది ఆమె భర్త వైపు తిరిగి.

డబ్బా లోపల చిన్న కొండచిలువ ఉందంటే మాత్రం పార్సిల్ కోసం నిలబడ్డ ఇద్దరు పిల్లలు వంగి చూశారు.

అక్క పెడల్ తొక్కింది. గొట్టంలో చట్నీ కదిలింది, దాని వెనకే నిండు కరివేపాకు రెబ్బ ఒకటి. చక్రం దగ్గర కాస్త నలిగి, హాయిగా దాటి, కవర్లో పడింది. ఆమె మళ్లీ తొక్కింది. మళ్లీ. నలభై కవర్లు నింపేదాకా ఆగలేదు. కుడి చెయ్యి ఒళ్లోనే ఉంది.

నెల దాటింది. బండి బంద్ కాలేదు. మొన్న నేను దోసె తింటుంటే ఒక హాస్టల్ అమ్మాయి ఆ డబ్బా ఏంటని అడిగింది.

"గుండె ఆపరేషన్ల నెత్తురు దిప్పుతది బిడ్డా గీ పంపు. గంత పెద్ద మిషిని," అంది అక్క, ఇంత పెద్ద అబద్ధం తనూ ఆడగలనన్న గర్వంతో నాకు కన్నుకొడుతూ.

"సారు సోపతి వట్టి నువ్వు గూడ కథలు జెప్తున్నవ్ ఆంటీ."

అది నిజమని చెబుదామని నోరు తెరిచాను. చెప్పేవాణ్ని నేనని గుర్తొచ్చి, ఇంకాస్త చట్నీ అడిగాను.