వరుసలోంచి తీయించిన చెప్పులు

నగరంలోని సుచిత్ర ప్రాంతంలో ఒక చిన్న కంపెనీలో జావా ప్రోగ్రామర్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. శామీర్‌పేట దగ్గర మా ఊళ్లో రైతులు యూరియా కోసం పొద్దున్నే వచ్చి, తమకు బదులు చెప్పులను వరుసలో పెట్టి నీడన కూర్చునేవారు. అది చూస్తే నాకు సిగ్గనిపించేది. ఫోన్ నంబరు చెబితే వరుస సంఖ్య ఇచ్చే చిన్న సర్వీసు జావాలో రాసి, ఎరువుల దుకాణంలోని కంప్యూటర్‌లో పెట్టాను. వేగంగా ఉంటుందని వివరాలన్నీ మెమరీలోనే ఉంచే డేటాబేస్ వాడాను. కరెంటు పోయినా చెరిగిపోకుండా డిస్కులో దాచే ఏర్పాటు తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

మొదటిరోజు నేనే అందరి చెప్పులూ తీయించాను. మూడో నంబరు వచ్చిన ముసలి రైతు లచ్చవ్వ తన చెప్పులు తీయడానికి వెనకాడింది.

"చెప్పులెందుకవ్వా? నీ నంబరు కంప్యూటర్ల పదిలంగ ఉంటది" అన్నాను.

సరిగ్గా యూరియా లారీ వచ్చే వేళకు కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి జాబితా ఖాళీ. చేతిలో చీటీలు కూడా లేవు. నేను ముందంటే నేను ముందని తోసుకున్నారు. బలమున్నవాళ్లు బస్తాలు ఎత్తుకుపోయారు. లచ్చవ్వకు ఒక్కటీ దక్కలేదు.

"నా నంబరేది బిడ్డా?"

"పోయిందవ్వా."

"చెప్పులైతే ఉంటుండె గద" అంది, అంతే.

ఇప్పుడు డిస్కులో దాచకుండా ఏ సర్వీసూ మొదలుపెట్టను. కానీ తర్వాతి లారీ వచ్చేనాటికే యూరియా అందక ఆమె వరి పసుపెక్కింది. ఆరోజు అందరికన్నా ముందు వెళ్లి, ఆమె కోసం నా చెప్పులు వరుసలో పెట్టాను. లచ్చవ్వ వచ్చింది. నావి పక్కకు జరిపి, తనవి చివర పెట్టుకుంది.